పెద్దుల్లి శ్రుతి

పెళ్ళికూతురు ఇంకా రాలేదు. రాకపోతేనే నయం, ఇంకాస్త ఆలస్యమైతే ఇంకా నయం అనుకున్నాడు అపరీసియో, పీఠానికి ఎడమపక్క వేసిన కుర్చీలో, ఒళ్ళో గిటార్ లాంటి తన వియోలా పెట్టుకుని, మెడకి బిగిసిన టైలోకి ఒక వేలు దూర్చి ఊపిరికి దారి చేసుకుంటూ. అనుకున్నాక, చర్చిలో కూర్చుని కోరవలసిన కోరికేనా ఇది అని భయమేసింది. పైనుంచి దేవమాత తన వంకే చూస్తున్నట్టనిపించి, అమ్మా, పిల్ల క్షేమంగా రావాలి, కాకపోతే నెమ్మదిగా రావాలి, అని సవరించుకున్నాడు. పిల్ల వచ్చేలోపల తేలవలసింది ఒక్కటే ఉంది. ఈ పది తీగల్నీ మి స్వరం మీదే ఉంచడమా, రె స్వరంలోకి దించడమా. వినేవాళ్ళకి ఇదేమంత పెద్ద విషయం కాదు, రెండింటికీ మధ్య దూరం వియోలా మెడ మీద రెండు మెట్లు, అంటే రెండు వేళ్ళు పట్టేంత చోటు. ఆ రెండు వేళ్ళ చోటులో ఇరవై ఏళ్ళ పైచిలుకు మాటల్లేని కాలం ఇరుక్కుని కూర్చుంది. దానికి అటు కొసన, పీఠానికి కుడిపక్క కుర్చీలో, పెళ్ళికూతురి తండ్రి ఒనొరాతో తన వియోలా పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా పునీత గొన్సాలో విగ్రహం అడ్డంగా నిలబడింది. అందువల్ల అపరీసియోకి అతని బూటు ముక్కు, ఒక మోకాలు, వియోలా తలకి కట్టిన రంగు రిబ్బన్ల కొసలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. కుర్చీలు మొదట పక్కపక్కనే వేసి ఉన్నాయి. ముందొచ్చిన ఒనొరాతో తన కుర్చీని అటు జరుపుకున్నాడు, వెనకొచ్చిన అపరీసియో తనది ఇటు జరుపుకున్నాడు.

పెళ్ళికూతురు మర్లూసియా అన్నంత పనీ చేసే రకం. చిన్నప్పుడు మొదటి సత్ప్రసాదం నాడు చేతిలో కొవ్వొత్తి వంకరగా ఉందని గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, తెల్ల గౌనుతోనే బురదలోంచి ఇంటికి నడిచిపోయిన పిల్ల. ఆ గౌను కొనిచ్చింది తనే. ఆ పిల్లని జ్ఞానస్నానం నాడు చేతుల్లోకి తీసుకున్నదీ తనే, కన్నతండ్రి పక్కన నిలబడితే, నీళ్ళు నెత్తిన పడగానే ఏడుపు లంకించుకుని తన కొత్త చొక్కా తడిపేసింది. ఆ రోజునుంచి తామిద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకోవాలి, బిడ్డని కన్నవాడికీ జ్ఞానతండ్రికీ ఉన్న వరస అది, తోడబుట్టిన వాడితోనైనా తెగతెంపులు చేసుకోవచ్చు గాని కొంపాద్రేతో చేసుకోకూడదంటారు, చేసుకున్నారు. ఆ పిల్లే కిందటి వారం తన వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, తన భార్య జుల్మీరా పెట్టిన చీజు బన్ను ఒకటి నోట్లో కుక్కుకుంటూ, "పెదనాన్నా, నువ్వు మా నాన్నతో మాట్లాడక్కర్లేదు, ఆయన మొహం చూడక్కర్లేదు. నేను లోపలికి నడిచొస్తుంటే ఇద్దరూ కలిసి వాయించండి, అంతే. ఆయనకీ చెప్పేశా, నా చెయ్యి పట్టుకోవద్దు నాన్నా, వియోలా పట్టుకో అని" అంది. ఏ శ్రుతిలోనమ్మా అని తను అడిగాడు, అడగకుండా ఉండాల్సింది. "అది మీరూ మీరూ తేల్చుకోండి. గుమ్మంలో నిలబడి వింటా. రెండు శ్రుతులు వినపడ్డాయో, అట్నుంచటే లారీ ఎక్కి పోతా. నివాల్దోకి అంత తొందరగా ఉంటే ఫాదర్ గారిని చేసుకుంటాడు." నివాల్దో అంటే పెళ్ళికొడుకు, ట్రాక్టర్లు బాగుచేసే బుద్ధిమంతుడు, ఇప్పుడు ముందువరసలో కూర్చుని ఒకసారి తలుపు వంకా ఒకసారి ఈ రెండు వియోలాల వంకా చూస్తున్నాడు. ఏ యంత్రమైనా విప్పి మళ్ళీ బిగిస్తాడు గాని ఈ ఇద్దరు ముసలాళ్ళనీ ఎక్కడ విప్పాలో అతనికి తెలియడం లేదు.

తేల్చుకోలేదు. జుల్మీరా మధ్యవర్తిగా వెళ్తానంది, రమ్మను నా దగ్గరికి అన్నాడు తను. వెళ్ళి అదే మాట అతనితో అంటే, రమ్మను నా దగ్గరికి అన్నాడట అతను. ఆవిడ వెనక్కొచ్చి గిన్నెలు ఎత్తి దించిన చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. ఇద్దరిదీ ఒకే శ్రుతి, గొడవల్లా అక్కడే, వేరువేరు శ్రుతులైతే ఏనాడో ఎవరి దారిన వాళ్ళు సుఖంగా పోయేవాళ్ళు. ఈ కొండల్లో వియోలా పట్టినవాడికి శ్రుతులకేం కరువు, పశువుల కాపరుల శ్రుతి ఉంది, ఏటివాలు శ్రుతి ఉంది. సైతాను పడవలో కూర్చుని అది వాయిస్తూ పోతుంటే ఒడ్డు మీది ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమైపోయారట. కుర్రతనంలో అపరీసియో దాన్నే పట్టుకు వేలాడాడు. ఆ శ్రుతి వినే జుల్మీరా తన వెంట వచ్చిందని ఈనాటికీ చెప్పుకుంటాడు, జుల్మీరా మాత్రం, "మా అమ్మ గొడుగు ఈయన దగ్గరుండిపోతే అడగడానికొచ్చానమ్మా" అంటుంది. ఆ తర్వాత పెద్దుల్లి శ్రుతి చేతికొచ్చింది, అదొచ్చాక ఇంకేదీ చెవికి ఆనలేదు. ఏ మెట్టు మీదా వేలు పెట్టకుండా ఊరికే ఒక్కసారి గీసినా చాలు, నిండుగా పలుకుతుంది, వినే ఆడవాళ్ళకి ఉల్లిపాయ తరిగినట్టు కళ్ళనీళ్ళు తిరుగుతాయి, దాని పేరు అందుకే అలా పడింది. ఆ పెద్దుల్లిని మి మీద బిగించవచ్చు, తళతళలాడుతుంది. రె మీదకి వదలవచ్చు, మెత్తబడుతుంది. బిగిస్తేనే తీగ అంటాడు తను, వదిలితేనే పాట అంటాడు అతను. అసలు మనుషులే అంత, తను నడుం బెల్టుకి అదనంగా ఒక చిల్లు పొడిపించుకునే రకం, పడుకోబోయే ముందు తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటాడు. అతని ఇంటి గేటుకి గడియ ఎప్పుడూ లేదు, వీధిలో కోళ్ళన్నీ అతని వంటింట్లోనే గుడ్లు పెడతాయి. మెడకి క్లిప్పు తగిలించి కావలసిన శ్రుతికి జరుపుకునే పట్నం కుర్రాళ్ళున్నారు, అది పాపమని ఇద్దరికీ ఒకటే అభిప్రాయం. ఇన్నేళ్ళలో ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే, అదీ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా.

ఉక్కగా ఉంది. బయట వాన మబ్బు పట్టింది, లోపల కొవ్వొత్తులు, జనం, పూలు, ఆడవాళ్ళ విసనకర్రలు. ఇలాంటి గాలికి తీగలు ఉన్నచోట ఉండవు, మనిషి చేసినదాన్ని వాతావరణం చెరుపుతుంది, వియోలా పట్టినవాడి జీవితంలో సగం శ్రుతి చెయ్యడానికే సరి, మిగతా సగం అది తప్పిందని తెలిసీ తెలియనట్టు వాయించడానికి. పైగా దిష్టి ఒకటి. ఎదుటివాడు ఓరగా చూస్తే చాలు సన్నతీగ పుటుక్కుమంటుంది, అందుకే చెవి వెనక సదాపాకు రెమ్మ పెట్టుకొచ్చాడు, వియోలా కడుపులో గిలకపాము తోక గిలక వేసి ఉంచాడు, అది ఉంటే దిష్టి తగలదు, నాదం కూడా బాగుంటుంది. కాకపోతే కొంచెం కదిలినా లోపల గలగలమంటుంది. ఇందాక కాలు మార్చుకుంటే గలగలమంది, పెళ్ళికొడుకు తల్లి ఎవరి చంటిపాప చేతిలో గిలక్కాయో అని వెనక్కి తిరిగి నవ్వు మొహంతో వెతుక్కుంది. ఒనొరాతో వియోలాలోనూ గిలక ఉంది, అదే పాముది, ఇద్దరూ కలిసి కొట్టారు, కలిసి పంచుకున్నారు. పెద్ద ముక్క నువ్వే తీసుకున్నావని అతను ఒక ఏడాది పాటు సణిగాడు. మధ్యలో నిలబడ్డ పునీత గొన్సాలో చేతిలో కూడా వియోలా ఉంది, వియోలా వాళ్ళకి ఆయనే రక్షకుడు, పెళ్ళికాని వాళ్ళకీ ఆయనే దిక్కు, ఈ రెండు పనులూ ఒకరికే ఎందుకు అప్పజెప్పారో ఇవాళ అర్థమవుతోంది. ఆయన వియోలాకి రంగు వేసినవాడు నాలుగే తీగలు గీశాడు. నాలుగు తీగలతో ఏ శ్రుతిలో ఉన్నాడో ఈయన, మొహం చూస్తే మి మీద ఉన్నట్టే ఉంది, అంత నిటారుగా నిలబడ్డవాడు రె వాడై ఉండడు. కాని అటుపక్క నుంచి చూసేవాడికి ఎలా కనిపిస్తున్నాడో. ఫాదర్ అన్సెల్మో గడియారం చూసుకుని, జనం గుసగుసలు పెరగకుండా, పెళ్ళికూతురు వచ్చేదాకా జపమాల చెబుదామని మొదలుపెట్టాడు.

మాటలు ఆగిపోయిన ఆ రోజు కూడా ఇంత జనమే. ముగ్గురు రాజుల పండగకి రేడియో వాళ్ళు వాన్ వేసుకుని చౌకులోకి వచ్చారు, అపరీసియో-ఒనొరాతో జంట పాట నేరుగా గాలిలోకి పోతుందన్నారు. పొద్దున్నే ఎవరింట్లో వాళ్ళు శ్రుతి చేసుకున్నారు, తను మి, అతను రె, వేదికెక్కాక చూసుకుందాం, అతనే సర్దుకుంటాడు అని ఇద్దరికీ ఒకటే ధీమా. వేదికెక్కారు, రేడియో ఆయన పేర్లు చదివాడు, ఎర్ర దీపం వెలిగింది. మొదటి చరణం తను మి లో ఎత్తాడు, అతను రె లో ఎత్తాడు, రెండో చరణానికి దిగొస్తాడులే అని తను, రెండో చరణానికి దిగొస్తాడులే అని అతను, అలా పాటంతా పాడారు. ఒక్క చరణం వదలలేదు. చౌకులో కుక్కలు అందుకున్నాయి, పాల బండి గాడిద అందుకుంది, ఎర్ర దీపం ఆరాక రేడియో ఆయన చాలాసేపు మైకు వంక చూసి, ఇది కొత్త పద్ధతి సంగీతం అన్నాడు. నీకు చెవుడొచ్చింది అన్నాడు ఒనొరాతో. నీకు గొంతు పోయింది, అందుకే కిందకి పోతానంటావ్ అన్నాడు తను. అదే చివరి మాట. ఎవరైనా ఒక్క మెట్టు దిగి ఉంటే, ఒక్కటే ఒక్క మెట్టు. రేడియోలో విన్న పక్కూరి వాళ్ళు చాలాకాలం ఆ జంటని మళ్ళీ రప్పించమని ఉత్తరాలు రాశారట, నవ్వుకోవడానికి.

ఆ తర్వాతే తెలిసింది అసలు కష్టం. జంట పాటలో పాటని మోసేది మొదటి గొంతు, ఒనొరాతోది. రెండో గొంతు తనది, దానికి కాస్త కిందగా, దాని పక్కనే నడుస్తుంది, అది ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు అలా పాడి పాడి తనకి ఒక్క పాట కూడా రాదు, అన్ని పాటలకీ రెండో గొంతు వచ్చు, అంతే. ఇంట్లో ఒక్కడే కూర్చుని పాడుకుంటే పక్కింటి వాళ్ళకి అదేం పాటో తెలిసేది కాదు. జుల్మీరా బట్టలుతుకుతూ, "ఏదైనా తెలిసిన పాట పాడరాదూ" అనేది. తెలిసిన పాటే పాడుతున్నానే అని చెబితే నమ్మేది కాదు. పక్కింటి చిలక మాత్రం నేర్చుకుంది. పొద్దున్నే కొయ్య మీద కూర్చుని తన రెండో గొంతు అచ్చు గుద్దినట్టు పాడేది, అది విని వీధిలో పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం నిద్రపట్టక పడుకుని ఉన్నాడు, చిలక పాడుతోంది, ఉన్నట్టుండి దానికి పైన ఇంకో గొంతు కలిసింది, సన్నగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు, కాని కలిసింది, మొదటి గొంతు. పాట పాటయింది. తను మంచం మీంచి లేచి, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తేసరికి మలుపు దగ్గర ఎవరో తిరిగిపోతున్నారు, మలుపు తప్ప మనిషి కనపడలేదు. చిలక వంక చూశాడు. అది తన వంక చూసింది. దానిమీద తనకి ఎంత అసూయ పుట్టిందో ఎవరికీ చెప్పలేదు.

చెప్పడానికి ఏముంది, ఒనొరాతో లేకపోతే తనకి బాగాలేదు, అంతే సంగతి. రొట్టెల దుకాణంలో ఎదురైతే ఇద్దరూ బల్ల చెరో కొసా చూసుకుని నిలబడేవాళ్ళు, దుకాణం వాడు ముందెవరికివ్వాలో తెలియక మధ్యలో ఉన్న పిల్లి గిన్నెలో పాలు పోసేవాడు. అతని భార్య ఇదలీనా పోయినప్పుడు తను వెళ్ళాడు, వెనక వరసలో నిలబడ్డాడు, జనమంతా ఒక్కొక్కరే వెళ్ళి అతని కుడిచెయ్యి పట్టుకుని ఏదో ఒకటి అంటున్నారు, తను వెళ్ళేసరికి కుడిచెయ్యి ఎవరో పట్టుకుని ఉంటే ఎడమచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళ కొసలు గట్టిగా ఉన్నాయి, కాయలు కాచి, అంటే ఇంకా వాయిస్తున్నాడు, ఒంటరిగా, ఆ ఇంట్లో, కోళ్ళ మధ్య. ఆ కాయలు తగిలి తనకి ఏడుపొచ్చింది. ఇదలీనా కోసం ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ. పాపం ఆవిడ కోసం కూడా ఏడ్చాడు, అది వేరే.

దింపేస్తా అనుకున్నాడు. అనుకోవడం అయ్యాక చూసుకుంటే చెయ్యి అప్పటికే బిరడా మీద ఉంది. చివరికి ఏమవుతుంది, రె లో వాయిస్తే తడిసిన పరుపు మీద పడుకున్నట్టుంటుంది, అంతేగా. ఒకసారి పడుకుంటే మనిషి చావడు. కాని దింపడం ఎలా, చుట్టూ అందరూ మంగళవార్త జపం చెబుతుంటే తీగ మీటి వినడమెలా. వియోలా భుజాన్ని పళ్ళ మధ్య పట్టుకుని మెల్లిగా కొరికాడు. పళ్ళతో పట్టుకుంటే నాదం చెవిలోంచి కాకుండా ఎముకలోంచి లోపలికి వస్తుంది, పక్కవాడికి వినపడదు, పండగ గోలలో శ్రుతి చెయ్యడానికి ఇద్దరూ చిన్నప్పుడే నేర్చుకున్న పద్ధతి. తీగలన్నీ రెండేసి జంటలు, మొదటి జంట దింపాడు, రెండోది దింపాడు, "ఏమయ్యా, ఆకలేస్తే చెప్పొచ్చుగా, చెక్క కొరుకుతావేం చర్చిలో" అంది వెనక వరసలోంచి జుల్మీరా జపమాల ఆపకుండానే. "నువ్వూరుకోవే" అన్నాడు పళ్ళు తియ్యకుండా. ఫాదర్ అన్సెల్మో జపంలోనే కనుబొమ్మలు ఎత్తాడు. మూడో జంట దింపుతుంటే కడుపులో గిలక గలగలమంది, పెళ్ళికొడుకు తల్లి మళ్ళీ పాప కోసం వెతికింది. నాలుగో జంట. దించుతున్న కొద్దీ తీగలు వేలి కింద వదులవుతుంటే, ఎందుకో టై కూడా అంత బిగుతుగా అనిపించడం మానేసింది.

అప్పుడు వినపడింది కీచుమని. ఆ కీచు తనకి తెలుసు. ఒనొరాతో వియోలాకి మూడో బిరడా ఒక పండగలో విరిగిపోతే జామ కొమ్మ చెక్కి పెట్టింది తనే, కొంచెం లావుగా చెక్కాడు, అప్పట్నుంచీ అది బిగించేటప్పుడు కీచుమంటుంది, వదిలేటప్పుడు నోరెత్తదు. కీచుమంది. అంటే పైకి. అంటే మి కి. ఈ వెర్రివాడు, ఈ గేటుకి గడియలేని మనిషి, తన కోసం పైకి ఎక్కుతున్నాడు. అపరీసియో మురిసిపోబోయాడు, అంతలోనే కంగారొచ్చింది, అతను మి కి వెళ్తే తను రె లో ఉండి ఏం చేస్తాడు, మళ్ళీ రేడియోనే. గబగబా బిరడాలు తిప్పి పైకి లాగడం మొదలుపెట్టాడు, ఒకటి, రెండు. లాగుతుంటే అటునుంచి కీచు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లావుతీగ ఒకటి ఉసూరుమన్న చప్పుడు, అంటే దింపుతున్నాడు, అంటే ఇందాక తను దింపడం విన్నాడు, తనకోసం వెనక్కి రె కి వెళ్తున్నాడు. ఒరేయ్ ఉండవోయ్ అని మనసులో అరుస్తూ తను మళ్ళీ దింపాడు. కీచుమంది. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తులు ఇటు తప్పుకుంటే ఇటు, అటు తప్పుకుంటే అటు తగులుకున్నట్టుంది వ్యవహారం. బూటు ముక్కు కదలడం లేదు, రిబ్బన్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి. బయట లారీ హారన్ మోగింది. పెళ్ళికూతురు వచ్చేసింది, ఫాదర్ జపం సగంలో ఆపి శిలువ గుర్తు వేశాడు, జనం లేచి నిలబడ్డారు, నివాల్దో లేచి కోటు కిందకి లాక్కున్నాడు. తన పది తీగల్లో ఏ ఒక్కటీ దాని తోడబుట్టినదానితో మాట్లాడే స్థితిలో లేదు, అటు చూస్తే కీచుమంటోంది, ఇంకా కీచుమంటోంది, అంత లాగకు, అంత లాగకు, అది రె కి అలవాటుపడ్డ తీగ.

తలుపులు తెరుచుకున్నాయి. ఠంగుమని తెగింది.

అంత పెద్ద చర్చిలో ఆ చిన్న చప్పుడు అందరికీ వినపడింది. ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. గుమ్మంలో తెల్ల గౌనుతో మర్లూసియా నిలబడింది, ఒక చేత్తో గౌను కొస పట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, వింటోంది. అపరీసియో ఆమె వంక చూడలేదు. ఇరవై ఏళ్ళుగా నోట్లో పెట్టుకు తిరుగుతున్న మాటలన్నీ ఎటు పోయాయో, పక్కవాడి తీగ తెగితే నోటికి ఏది వస్తుందో అదే వచ్చింది.

"ఏది తెగింది?"

పునీత గొన్సాలో అవతలనుంచి బొంగురుగా, ఎవరినో తిట్టబోతున్నట్టు, "మూడో జంటలో సన్నది" అని వినపడింది.

"అంత లాగుతారా ఎవరైనా? ఎక్కడికని లాగావు?"

"నీ దగ్గరికేనయ్యా వస్తున్నా. నువ్వేమో ఉన్నచోట ఉండవు."

అపరీసియోకి కళ్ళు మసకబారాయి, పెద్దుల్లి ఇంకా ఎవరూ మీటనైనా లేదు. కోటు జేబులో చేయి పెట్టి సన్నతీగ చుట్ట తీశాడు, మి తీగే అది, లేచి విగ్రహం వెనకనుంచి చెయ్యి చాచాడు, అందలేదు, ఇంకో అడుగు వేశాడు, అటునుంచి కాయలు కాచిన వేళ్ళు వచ్చి అందుకున్నాయి. అందుకుని వదల్లేదు. "కదలకుండా ఒక్కచోట ఉండు కొంపాద్రే, నేనే వస్తా" అన్నాడు అపరీసియో, కుర్చీని కాలితో తోసుకుంటూ. గరగరమంటూ కుర్చీ విగ్రహాన్ని చుట్టి అవతలికి వచ్చింది. జుల్మీరా కొంగులాంటి తెల్ల శాలువాతో మొహం కప్పుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేం. ఫాదర్ అన్సెల్మో ఏదో అనబోయి, తన ఉద్యోగంలో ఇలాంటివాటికి ప్రత్యేక ప్రార్థన లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

కొత్తతీగ కొత్తతీగే, ఎక్కిస్తే జారుతుంది, నిలబెడితే సాగుతుంది. మి దాకా లాగితే జామ బిరడా ఒప్పుకోలేదు, రె దగ్గర వదిలితే బురబురమంది. "ఇంకొంచెం." "చాలు." "ఇంకొంచెమన్నానా, నీకు చెవిలో మైనం పోశారా?" "నీ చెవుడు పోనీ ముందు." "దించు. దించు. అదిగో పోయింది, మళ్ళీ పోయింది." రెండింటికీ నడుమ, ఇద్దరూ బతుకులో ఎన్నడూ ఆగని చోట ఒకటి, అక్కడ మాత్రం తీగ గొణక్కుండా నిలబడింది. సరే ఇక్కడే ఉందాం అన్నాడు ఒనొరాతో. ఇక్కడా? అన్నాడు అపరీసియో, ఎవరిదో తెలియని ఇంట్లో అడుగుపెట్టినట్టు. ఇక్కడే. అక్కడినుంచి ఒక్కొక్క తీగే ఇద్దరూ కలిసి తెచ్చుకోవాలి, ఇరవై తీగలు, దగ్గరగా తలలు పెట్టి, ఒకే చెక్కని చెరోపక్కా కొరుకుతున్నట్టు వంగి, మీటుతూ, తిట్టుకుంటూ. గుమ్మంలో మర్లూసియా వింటోంది. రెండు శ్రుతులు వినపడితే వెనక్కి పోతానంది, ఇక్కడ రెండు కాదు, పదో ఇరవయ్యో వినపడుతున్నాయి. లారీ వంక ఒకసారి చూసింది. చూసి గౌను ఇంకాస్త పైకి పట్టుకుని లోపలికి నడవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా నడిచింది, ఆ ఊళ్ళో ఏ పెళ్ళికూతురూ అంత నెమ్మదిగా నడవలేదు, తీగ కుదిరితే ఒక అడుగు, తీగ తప్పితే ఆగుతూ, ఒకరి మీద ఒకరు కసురుకుంటున్న ఇద్దరు ముసలాళ్ళ గొంతులే సన్నాయిగా. ముక్కు తుడుచుకోవడానికి చేతిగుడ్డ తెచ్చుకోలేదు పిల్ల, పూలగుత్తితో తుడుచుకుంది. ఆమె పీఠం దగ్గరికొచ్చి నివాల్దో పక్కన నిలబడేసరికి చివరి తీగ కుదిరింది, ఒనొరాతో ఊరికే ఒకసారి గీశాడు, తనూ గీశాడు, రెండూ కలిపి ఒక్క వియోలాలా పలికాయి. చర్చిలో అందరూ ఊపిరి బిగబట్టి పాట కోసం చూస్తున్నారు. అప్పుడు తట్టింది అపరీసియోకి, శ్రుతి కోసమే వారమంతా చచ్చారు గాని పాటేదో ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదని. ఒనొరాతోకి కూడా అదే క్షణాన తట్టినట్టుంది, ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి తిన్నగా తన మొహంలోకి చూశాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏ పాట?"

"ఏదైతేనేం కొంపాద్రే, నువ్వెత్తుకో. నేను కింద అందుకుంటా."